అడిగేవాళ్ళుంటే

మనవాళ్ళకి సినిమా ఎంత ఇష్టమో, సినిమావాళ్ళ కబుర్లు అంతకంటే ఒక పిసరు ఎక్కువే ఇష్టం. సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. కబుర్లకి అంతులేదు. వెనకటికి వారపత్రికలో రెండు పేజీల ఇంటర్వ్యూ, పక్కన ఒక ఫొటో వేసేవారు. అది చదివి ఇరుగూ పొరుగూ వారం రోజులు చెప్పుకునేవారు. ఇప్పుడు టీవీలోనూ ఫోనులోనూ గంటలకొద్దీ సంభాషణలు. మధ్యాహ్నం పూట ఫోను మంచినీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకుని, గోరుచిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, ఒక పాతకాలం హీరోయిన్ జీవితం మొత్తం వినేయచ్చు.

ఇందులో తప్పేముంది? నేనూ వింటాను. "వాళ్ళ గోల మనకెందుకమ్మా" అనే పెద్దవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక మనిషి నలభై ఏళ్ళు ఒకే పని చేసి, ఆ పని ఎలా చేశాడో తీరిగ్గా కూర్చుని చెబుతుంటే అది వినదగ్గ విషయమే. ఆ పని నాట్యమైనా, వంటయినా, నేతయినా సరే. నా పేచీ వినేవాళ్ళతో కాదు, చెప్పేవాళ్ళతో అంతకంటే కాదు. అడిగేవాళ్ళతో.

మీరూ గమనించి చూడండి. ఎదురుగా కూర్చున్నది హీరో అయితే, "ఆ పాత్రకోసం ఎలా తయారయ్యారు?" అని అడుగుతారు. డైరెక్టరయితే, "ఆ సీను ఎలా తీశారు?" అంటారు. అదే హీరోయిన్ అయితే, "ఫలానా ఆయనతో మీకు ప్రేమట, నిజమేనా?" పెళ్ళయిందంటే, "మీవారు నటించడానికి ఒప్పుకున్నారా?" కాలేదంటే, "అయ్యో, ఎందుకు చేసుకోలేదు?" ఇక హాస్యనటులయితే వాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. ముందు నవ్వించమంటారు. ఆ తరవాత ఏడవమంటారు. "పైకి నవ్విస్తారుగాని లోపల మీకెంత దుఃఖముందో!" అని వాళ్ళే అందించి, ఎదుటి మనిషి కళ్ళు చెమర్చేదాకా వదలరు. ఆ చెమ్మగిల్లిన ముక్క ఒక్కటీ కత్తిరించి, వారం ముందునించీ ప్రకటనగా చూపిస్తారు.

మా రచయిత్రులకీ ఈ తంటా కొత్తకాదు లెండి. నవల గురించి మాట్లాడదామని పిలిచి, "ఇంటిపనంతా చేసుకుని ఎప్పుడు రాస్తారండీ?" అని మొదలెడతారు. మీరు కూర తరిగాక రాస్తారా, తరగకముందే రాస్తారా అని ఏ మగ రచయితనయినా అడిగిన పాపాన పోయారా?

సరే, మరి ఎలా అడగాలీ అంటారా? ఈ విద్యకి పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం ఒకటుంది. 1962 ఆగస్టులో ఫ్రాన్స్వా త్రూఫో అనే ఫ్రెంచి డైరెక్టరు హాలీవుడ్ వెళ్ళాడు. అతనికి అప్పుడు ముప్ఫయ్యేళ్ళు. తీసినవి మూడే పెద్ద సినిమాలు. వెళ్ళిందేమో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దగ్గరికి. ఆయనకి అరవై మూడు. త్రూఫోకి ఇంగ్లీషు అంతంతమాత్రం. హెలెన్ స్కాట్ అనే ఆవిడ మధ్యన కూర్చుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందించింది. ఇలా వారంపాటు స్టూడియోలో కూర్చుని, మొదటి సినిమా నించి వరసగా ఒక్కొక్కటే పట్టుకుని మాట్లాడుకున్నారు. 1966లో ఫ్రెంచిలోనూ, మరుసటి ఏడు ఇంగ్లీషులోనూ అదంతా పుస్తకమై వచ్చింది.

ఆ రోజుల్లో అమెరికాలో చాలామంది విమర్శకులు హిచ్‌కాక్‌ని జనాన్ని భయపెట్టి డబ్బు చేసుకునే తమాషా మనిషి కిందే జమకట్టేవారు. ఆయన మహా కళాకారుడని రుజువు చెయ్యాలని త్రూఫో పట్టుదల. అలా అని ఎదురుగా కూర్చుని పొగుడుతూ పొద్దుపుచ్చలేదు. ఇది ఎలా చేశారు, అది అలా ఎందుకు పెట్టారు, ఈ సినిమా ఎందుకు కుదరలేదు అని అడిగాడు. ఆయన చెప్పాడు. 1941లో వచ్చిన 'సస్పిషన్'లో భర్త రాత్రిపూట భార్యకి గ్లాసుతో పాలు పట్టుకుని మేడమెట్లెక్కుతాడు. ఆ పాలలో విషం కలిపాడేమోనని మన అనుమానం. చూసేవాళ్ళ చూపు ఆ గ్లాసు మీంచి కదలకూడదు. దానికి ఆయన చేసిన ఉపాయం ఏమిటో తెలుసా? గ్లాసులోపల చిన్న బల్బు పెట్టించాడు! చీకటి మెట్లమీద ఆ పాలు అంత తెల్లగా వెలిగిపోవడం అందుకే.

ఇంకోచోట, అదిరిపాటుకీ ఉత్కంఠకీ తేడా చెబుతాడు. బల్లకింద బాంబుందని చెప్పకుండా పేల్చేస్తే ప్రేక్షకులు పదిహేను సెకన్లు అదిరిపడతారు. ముందే వాళ్ళకి చూపించి, బల్లచుట్టూ కూర్చున్నవాళ్ళని మాత్రం లోకాభిరామాయణం మాట్లాడుకోనిస్తే, పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. సీరియల్ నవలలు రాసే మాబోటివాళ్ళకి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఆయన ఎంత తెలివైనవాడో ఎవరూ మనకి వేరే చెప్పనక్కరలేదు. గ్లాసులో బల్బూ, బల్లకింద బాంబూ చాలు.

ఇంత మెచ్చుకున్నా, ఆ పుస్తకం మూసేసరికి నాకొక కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఏడాదే హిచ్‌కాక్ 'ద బర్డ్స్' షూటింగు ముగించాడు. అందులో నాయిక టిప్పీ హెడ్రెన్‌కి సినిమాల్లో అదే మొదటి పెద్ద పాత్ర. మేడమీది గదిలో పక్షులు ఆమెమీద పడి పొడిచే దృశ్యానికి బొమ్మపక్షులు వాడతామని చెప్పి, నిజం పక్షుల్నే రోజుల తరబడి తనమీదికి విసిరారనీ, ఆ డైరెక్టరు తనని వేధించాడనీ ఆవిడ తన ఆత్మకథలో రాసుకుంది. ఆ ఆత్మకథ వచ్చింది ఎప్పుడనుకున్నారు? 2016లో. త్రూఫో పుస్తకం వచ్చిన సరిగ్గా యాభై ఏళ్ళకి! ఆ సినిమా ఎలా తీశారని తీసినాయన్ని అడిగారు. అది ఎవరి ఒంటిమీద తీశారో ఆ మనిషి మాట మాత్రం అన్నేళ్ళు ఆగాల్సి వచ్చింది. దర్శకుడిది పని, నటిది అదృష్టం అనుకోవడం ఒక్క మన దేశపు అలవాటే కాదన్నమాట.

నటిని కూర్చోబెట్టి ఆవిడ పని గురించి ఓపిగ్గా అడిగితే ఎలా ఉంటుందో చూడాలంటే మనం మరీ హాలీవుడ్‌దాకా పోనక్కరలేదు. వహీదా రెహమాన్‌తో నస్రీన్ మున్నీ కబీర్ జరిపిన సంభాషణలు 2014లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. కబీర్ డాక్యుమెంటరీలు తీసే ఆవిడ. గురుదత్ మీద 1989లోనే సినిమా తీసింది. లతా మంగేష్కర్‌తోనూ, గుల్జార్‌తోనూ, జావేద్ అఖ్తర్‌తోనూ కూడా ఇలాగే మాట్లాడి పుస్తకాలు వేసింది. అంటే, ప్రశ్న అడగబోయే ముందు ఇంటిదగ్గర పాఠం చదువుకుని వచ్చే రకం.

వహీదా మనకి పరాయి మనిషి కాదు. తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకి ఆడి, తెలుగుదేశాన్ని ఒక ఊపు ఊపిన పిల్ల ఆవిడే. అప్పటికి ఆమెకి పదిహేడేళ్ళు. ఆ జోరు చూసే గురుదత్ ఆమెని బొంబాయి పిలిపించాడు. ఈ కథ మనవాళ్ళు 'అదృష్టం తలుపు తట్టింది' అని చెప్పుకుంటారు. ఆ పుస్తకంలో ఆవిడ నోట వింటే ఇంకోలా ఉంటుంది. అదృష్టానికి ముందు ఏళ్ళ తరబడి నేర్చిన భరతనాట్యం ఉంది. మద్రాసులో గురువుగారి దగ్గర చేరాలని వెళితే, ఆయన ముస్లిం పిల్లకి నేర్పడానికి వెనకాడి, జాతకం తెమ్మన్నాడట. వాళ్ళింట్లో జాతకాలు రాయించే ఆచారం ఎక్కడిది? చివరికి పుట్టినతేదీ అడిగి ఆయనే జాతకం వేసుకుని చూసుకుని, శిష్యురాలిగా ఒప్పుకున్నాడట.

చూశారా, అడిగింది నాట్యం గురించి. వచ్చింది నాట్యం ఒక్కటేనా? ఆ కాలం, ఆ గురువుగారి పట్టింపు, దాన్ని ఆయనే ఒక ఉపాయంతో దాటిన తీరు, ఆ ఇంటి సంస్కారం, అన్నీ వరసగా వచ్చాయి. "మీ చిన్నతనంలో ఏమైనా కష్టాలు పడ్డారా?" అని అడిగి ఉంటే ఇందులో పదోవంతు కూడా వచ్చేది కాదు.

ఇంకొకటి, ఆ కాంట్రాక్టు కథ. 'సి.ఐ.డి.' (1956) కోసం బొంబాయిలో కాంట్రాక్టు రాసుకునేటప్పుడు, వహీదా రెహమాన్ అనే పేరు పొడుగ్గా ఉంది, మార్చుకోమన్నాడు డైరెక్టరు రాజ్ ఖోస్లా. పెద్దపెద్ద తారలే మార్చుకున్నారు కదా అన్నాడు. ఈ పిల్ల మాత్రం అమ్మానాన్నా పెట్టిన పేరు మార్చుకోనంది. అంతటితో ఆగలేదు. నాకు నచ్చని దుస్తులు వేసుకోను, ఆ షరతు కూడా కాగితంలో రాయమంది. వయసు చాలదు గనక సంతకం తల్లి చెయ్యాలి. తండ్రి లేడు, ఇల్లు గడవాలి, చేతికి అందిన అవకాశం చెయ్యిజారిపోవచ్చు. అయినా పేరూ నిలిచింది, షరతూ ఎక్కింది. ఆ పేరు ఆ తరవాత 'ప్యాసా' (1957), 'కాగజ్ కే ఫూల్' (1959), 'గైడ్' (1965) టైటిల్సులో ఎలా వెలిగిందో మనకి తెలుసు. 2023లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించినప్పుడూ అదే పేరు.

మన ఇళ్ళలో పెళ్ళికాగానే ఇంటిపేరే కాదు, అసలు పేరు కూడా మార్చేసిన కోడళ్ళు ఎంతమంది లేరు? పదిహేడేళ్ళ పిల్ల పెద్దమనుషుల ముందు కూర్చుని నా పేరు నాది అన్న మాట, ఏ ప్రేమ కబురుకంటే తక్కువ రుచి చెప్పండి?

ఇక గురుదత్ మాట రాకుండా ఉంటుందా? వస్తుంది. అతను ఎలా తీసేవాడు, నటుల దగ్గర ఏం రాబట్టేవాడు, ఎన్నిసార్లు తీసి సంతృప్తిపడేవాడు కాదు, అన్నీ ఆవిడ చెబుతుంది. సొంత జీవితం దగ్గరికి వచ్చేసరికి, అది నా సొంతం అని మర్యాదగా తలుపు వేసేస్తుంది. కబీర్ ఆ తలుపు తియ్యమని గొళ్ళెం కొట్టదు. నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చింది ఈ సంగతే. చెప్పనన్న మాట కూడా ఒక జవాబేనని తెలిసిన మనిషి అడిగితేనే ఎదుటివాళ్ళు మిగతావన్నీ చెబుతారు. ఆ ఒక్కటే కావాలని పట్టుకున్నవాళ్ళకి అదీ దక్కదు, మిగతావీ దక్కవు.

ఇప్పుడు మన తెలుగు టీవీకి వద్దాం. మనకి మంచి సంభాషణలు లేవంటే అన్యాయం. ఈటీవీలో 2016లో మొదలై కొన్నేళ్ళపాటు నడిచిన 'ఆలీతో సరదాగా' సంగతే తీసుకోండి. ఎంతోమంది మరిచిపోయిన నటీనటుల్ని ఆ కుర్చీలో మళ్ళీ చూశాం. అడిగే ఆలీ 'సీతాకోకచిలక' (1981)లో పిల్లవాడిగా కనిపించిన మనిషి. చిన్నప్పటినించీ సెట్లమీద పెరిగినవాడు. అంచేత ఎదుటివాళ్ళకి బెరుకుండదు. "నీకు తెలుసు కదా" అంటూ మొదలెడతారు. తమ పనివాడితో మాట్లాడుతున్నామన్న ధైర్యం అది. త్రూఫోకి ఉన్న బలం కూడా సరిగ్గా అదే.

అయితే ఆ బలాన్ని పూర్తిగా వాడుకోలేదని నా ఫిర్యాదు. ఒక హాస్యనటి తన డైలాగు ఎలా పలికిందో చెప్పబోతుంది. ఇంతలో ఒక జోకు పడుతుంది. నవ్వులయ్యేసరికి ఆ మాట ఎటో పోతుంది. మనకి నవ్వు మిగులుతుంది, విద్య జారిపోతుంది. ఇంట్లో పాలు పొంగి, గిన్నెలో అడుగు మాత్రం మిగిలినట్టు.

హాస్యం విద్య కాదా? పొత్తూరి విజయలక్ష్మిగారి నవల ఆధారంగా జంధ్యాల తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) మీకు గుర్తుండే ఉంటుంది. అందులో శ్రీలక్ష్మిగారు సినిమా కథ చెప్పమంటే టైటిల్సు దగ్గర్నించీ మొదలెడతారు. మనం ఇప్పటికీ చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వుతాం. ఎందుకు నవ్వుతాం? ఆ పేర్లలో హాస్యమేమీ లేదు. పేర్లు పేర్లే. ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, మొహం ఎంత గంభీరంగా పెట్టారు, ఎదుటివాడు నీరసించిపోతుంటే తన ఉత్సాహం ఎంత పెంచుకుంటూ పోయారు, హాస్యమంతా అక్కడుంది. దీని గురించి ఒక గంట చెప్పించుకుంటే, కొత్తగా నటించే అమ్మాయిలకి అది పాఠ్యపుస్తకం కాదూ? అది మానేసి, మీ జీవితంలో విషాదమేమిటి అని అడగడమేమిటి!

'గుండమ్మ కథ' (1962) అంటే రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు. ఇంతమంది మహామహులుండగా సినిమా పేరు మాత్రం సూర్యకాంతంగారి పాత్రది. 2024తో ఆవిడ పుట్టి నూరేళ్ళు నిండాయి. ఆవిడ మాట వస్తే అందరం చెప్పుకునేది ఒకటే: తెరమీద గయ్యాళి, బయట వెన్నపూస. ఆ మాట విని విని నాకు విసుగొచ్చింది. మంచిమనిషే, కాదన్నదెవరు? కాని ఆ ఎడంచెయ్యి విసురు సంగతేమిటి? ఒక తిట్టుని ఎంతదాకా సాగదీస్తే జనం నవ్వుతారో, ఎక్కడ దాటితే అసహ్యించుకుంటారో ఆవిడకి ఎలా తెలిసింది? ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అత్తగారుందని ప్రేక్షకులకి అనిపించేలా ఆవిడ ఎవరెవర్ని గమనించారు? 1994లో ఆవిడతోపాటు ఈ ప్రశ్నలకి జవాబులూ వెళ్ళిపోయాయి. మంచితనం గురించి చెప్పడానికి ఇరుగుపొరుగులున్నారు. విద్య గురించి చెప్పడానికి ఆవిడొక్కరే ఉన్నారు.

సావిత్రిగారి సంగతి తలుచుకుంటే మనసు ఇంకా చివుక్కుమంటుంది. 2018లో 'మహానటి' వచ్చాక ఈ తరం పిల్లలకి కూడా ఆవిడ జీవితం తెలిసింది. సంతోషమే. కాని ఆ పేరు చెప్పగానే మన నోట ముందు వచ్చేవి ఆవిడ కన్నీళ్ళే. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు కదా. ఆ సున్నితమైన పిల్ల ఒంట్లోకి ఎస్.వి. రంగారావుగారి నడకా, ఆ చూపూ, ఆ దర్పమూ ఎలా దింపారో! ఆయన్ని ఎన్నాళ్ళు గమనించారు? అద్దంముందు ఎన్నిసార్లు చేసి చూసుకున్నారు? 1968లో ఎక్కువమంది స్త్రీలతోనే పనిచేయించి 'చిన్నారి పాపలు' డైరెక్టు చేశారు గదా, ఆ సెట్టుమీద కేమెరా వెనక నిలబడ్డప్పుడు ఆవిడకి ఏమనిపించింది? ఆవిడ ముందు ఒక వారం టేపురికార్డరు పెట్టుకుని కూర్చున్న త్రూఫో లాంటి మనిషి ఉండి ఉంటే, ఇవాళ మన దగ్గర ఒక విషాదగాథ బదులు ఒక నట్య శాస్త్రం ఉండేది. 1981 డిసెంబరులో ఆవిడ పోయారు. ఇంక అడగడానికి లేదు.

"సొంత సంగతులు లేకపోతే ఎవరు చూస్తారండీ, జనానికి అవే కావాలి" అని టీవీవాళ్ళు అనచ్చు. ఆ జనం ఎవరు? మధ్యాహ్నం పూట చూసేది చాలావరకు మనమే కదా. మనకి పని విలువ తెలియదని వాళ్ళకి ఎవరు చెప్పారు? జంతికల పిండి ఎంత గట్టిగా కలపాలో, పట్టుచీర ఏ నీళ్ళలో జాడించాలో ఒకరినొకరం గంటలకొద్దీ అడిగి తెలుసుకునేవాళ్ళం మనం. కన్నీళ్ళు ఎలా వచ్చాయన్న కథతో పాటు, గ్లిజరిన్ లేకుండా కన్నీళ్ళు ఎలా తెప్పించుకుంటారో కూడా చెబితే వద్దంటామా? సొంత జీవితం అడగవద్దని నేననడం లేదు. పని అడిగితే జీవితం దాని వెనకాలే నడిచి వస్తుంది. జీవితమే అడిగితే పని మాత్రం రాదు.

మన అదృష్టం కొద్దీ, అడగవలసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణిగారు ఆ తరవాత ఎందరో హీరోయిన్లకి గొంతు ఇచ్చారు. మనం తెరమీద ఒక మొహం చూసి ఏడుస్తాం. ఆ ఏడుపులో సగం చీకటిగదిలో మైకుముందు నిలబడ్డ ఇంకో మనిషిది. తనది కాని పెదవులకి తన ఊపిరి ఎలా సరిపెట్టారు? ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు నాయికలకి మాట్లాడవలసివస్తే గొంతులు కలిసిపోకుండా ఎలా చూసుకున్నారు? ఇవి నాలుగు ప్రకటనల మధ్య అడిగే ప్రశ్నలు కావు. వారం రోజులు తీరిగ్గా కూర్చుని, సినిమాలన్నీ ముందే చూసుకుని వచ్చి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినేవాళ్ళు అడగాలి.

అలాంటి సంభాషణ ఏ ఛానలువాళ్ళు వేసినా, ఏ అమ్మాయి పుస్తకంగా తెచ్చినా, గోరుచిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి మరీ వినడానికి నేను సిద్ధం. మీరూ అంతేనని నాకు తెలుసు. ఆ మాట వాళ్ళ చెవిన పడేలా ఒక ఉత్తరం ముక్క రాసి పడేయకూడదూ!